మైపాడు నుంచి కొత్తపట్నం దాకా: సముద్రపు ఒడ్డు మకాముకి కారవాన్‌ను సిద్ధం చేసుకోవడం

కారవాన్ (పడకా వంటగట్టూ ఉన్న బండి) కట్టించుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది సోలార్ ప్యానెల్ ఎంతది పెట్టాలని. నెల్లూరు, ఒంగోలు వైపు మన తీరంలో మకాం వెయ్యాలంటే ఆ ప్రశ్న తర్వాత రావాలి. మైపాడు, కోడూరు, తుమ్మలపెంట, పాకల, కొత్తపట్నం, ఎక్కడ ఆగినా ముందు అయిపోయేది నీళ్లు. బండిని ముందు తినేసేది ఉప్పు గాలి. ఎండకు మాత్రం ఇక్కడ ఏ లోటూ లేదు. కరెంటు లెక్క ఒకసారి సరిగ్గా కుదిరితే మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు గానీ నీళ్లు, ఉప్పు అలా కాదు. ప్రతి మకాములోనూ వాటిని పట్టించుకోవాల్సిందే.

కింది లెక్కలన్నీ ఫోర్స్ ట్రావెలర్ లాంటి పొడవాటి వ్యానుకు, నలుగురు మనుషులకు, మూడు రాత్రులకు వేసినవి. మనుషులు పెరిగితే ముందు నీళ్ల లెక్క మార్చండి.

కాగితాలు, బరువు

సీట్లు పీకేసి మంచాలు, వంటగట్టు బిగించే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అనుమతి తీసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో రాసి ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అంతా కట్టించాక అనుమతికి వెళ్తే కట్టినదాన్ని విప్పమనొచ్చు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గరా ఇదే చిక్కు.

పని పూర్తయ్యాక నీళ్లు, గ్యాస్, సామాను నింపి, మనుషుల్ని కూడా ఎక్కించి వే బ్రిడ్జి మీద తూకం వేయించండి. నెల్లూరు చుట్టుపక్కల రైసు మిల్లుల దగ్గర కాటాలకు కొదవలేదు. మొత్తం బరువొక్కటే చూస్తే చాలదు. ముందు చక్రాలను మాత్రమే కాటా మీదికి ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలను మాత్రమే ఎక్కించి ఒకసారి తూచాలి. మొత్తం బరువు హద్దులోనే ఉన్నా వెనక ఇరుసు మీద ఎక్కువ పడటం చాలా బండ్లలో కనిపించే లోపం. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, గ్యాస్, టాయిలెట్ అన్నీ వెనక్కే తోసేయడం వల్ల ఇలా అవుతుంది. అలాంటి బండి ఇసుకలో దిగబడితే ముందు కూరుకుపోయేవి వెనక చక్రాలే. 200 లీటర్ల నీళ్లంటే 200 కిలోలు. అందుకని ట్యాంకును రెండు ఇరుసుల మధ్య, నేలకు దగ్గరగా బిగించాలి. ఒకే పెద్ద ట్యాంకు బదులు వంద లీటర్లవి రెండు పెడితే నీళ్లు అటూ ఇటూ ఊగి బండిని లాగడం తగ్గుతుంది, ఒకటి కారినా రెండోది మిగులుతుంది.

నీళ్లు

ఒడ్డు ఊళ్లలో బోరు కనిపించగానే నీళ్లకు ఢోకా లేదనుకోవద్దు. చాలాచోట్ల అవి ఉప్పు నీళ్లు. రొయ్యల గుంటలు ఉన్న చోట మరీను. ఇసుకలో చెలమ తవ్వితే తియ్యటి నీళ్లు ఊరే చోట్లూ ఉన్నాయి. వాన నీరు ఉప్పు నీటికంటే తేలిక గనుక దాని పైన పలచటి పొరగా నిలుస్తుంది. ఆ పొర నుంచి ఎక్కువ తోడితే అడుగున ఉన్న ఉప్పు నీరు పైకి వచ్చేస్తుంది. అది పాళెం (మత్స్యకారుల వాడ) జనం తాగే నీరు కావచ్చు కూడా. పంపు పెట్టి తోడి ట్యాంకు నింపుకోవడం వాళ్లకు అన్యాయం చేయడమే. నీళ్లు నెల్లూరులోనో కావలిలోనో ఒంగోలులోనో నింపుకుని బయల్దేరండి.

తాగడానికి మనిషికి రోజుకు 4 లీటర్లు వేసుకుంటే నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు అవుతాయి. మినరల్ వాటర్ టిన్నులు మూడు, అంటే 60 లీటర్లు, ట్యాంకు నీళ్లతో కలపకుండా విడిగా పెట్టుకోండి. వాడుక నీళ్లు మనిషికి రోజుకు 13 లీటర్లు సరిపోతాయి: స్నానానికి 5, వంటకూ గిన్నెలకూ 5, చేతులకూ టాయిలెట్‌కూ 3. నలుగురికి మూడు రోజులకు 156. అనుకోని ఖర్చుకు మరో పాతిక శాతం కలిపితే వంద లీటర్ల ట్యాంకులు రెండింటికీ లెక్క సరిపోతుంది.

5 లీటర్ల స్నానం కొద్దనిపిస్తుంది గానీ సాధ్యమే. తోటల్లో వాడే 5 లీటర్ల చేతి పంపు స్ప్రేయరు కొత్తది కొనండి. పురుగుమందు పోసినది ఎంత కడిగినా వాడకూడదు. సముద్రంలో మునిగొచ్చాక బండి బయటే దానితో ఒంటి మీద ఉప్పూ ఇసుకా కడిగితే రెండు లీటర్లలో పనైపోతుంది. మిగతా మూడు లీటర్లు సబ్బు స్నానానికి. గిన్నెలు కడిగే ముందు పాత న్యూస్‌పేపరుతో జిడ్డు తుడిచేయండి. తినడానికి విస్తరాకులు తెచ్చుకోండి. అన్నిటికంటే ఎక్కువ నీళ్లు మింగేది చేపలు కడగడం. ఒడ్డున పడవ దగ్గర కొన్న చేపల్ని అక్కడే కోయించి, పొలుసూ పేగులూ తీయించి తెచ్చుకుంటే బండి దగ్గర రెండు లీటర్లతో పులుసుకు సిద్ధమవుతాయి. రొయ్యలకూ ఇదే పద్ధతి.

ట్యాంకు ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్‌ది, వెలుతురు చొరబడనిది కావాలి. తెల్లటి పారదర్శక ట్యాంకులో వారానికే పాచి పడుతుంది. ప్రయాణానికి ముందు శుద్ధి ఇలా చేయండి: 100 లీటర్ల ట్యాంకును నింపి అందులో 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 100 మిల్లీలీటర్లు పోయాలి. అన్ని కుళాయిలూ తిప్పి, వాసన వచ్చేదాకా నీళ్లు వదిలి కట్టేయాలి. నాలుగు గంటలు అలాగే ఉంచి మొత్తం వదిలేసి, మంచి నీళ్లతో రెండుసార్లు తొలవాలి. సువాసన కలిపిన క్లీనర్లు ఇందుకు పనికిరావు. చాలామంది మరిచిపోయేది ట్యాంకు నింపే పైపు. అది పెరట్లో ఎండకు పడి ఉన్న తోట పైపు అయితే ట్యాంకు ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు.

మురుగునీటికి రెండు 20 లీటర్ల క్యాన్లు పెట్టుకుని, ఊళ్లోకి వెళ్లినప్పుడు డ్రైనేజీలో పోయండి. టాయిలెట్ క్యాసెట్ (మలం నిండే, బయటికి తీసే డబ్బా) 20 లీటర్లది నలుగురికి రెండు, మూడు రోజులు వస్తుంది. దాన్ని ఇసుకలో గానీ బకింగ్‌హాం కాలువలో గానీ ఒలకబోయకూడదు. బంకు యజమానినో తెలిసినవాళ్లనో అడిగి, సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్లో ఖాళీ చేసి బాగా నీళ్లు కొట్టండి. ఫార్మాల్డిహైడ్ ఉన్న టాయిలెట్ మందు కొనవద్దు. అది సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది.

కరెంటు

ముందు ఖర్చు రాసుకోండి. 40 లీటర్ల డీసీ కంప్రెసర్ ఫ్రిజ్ మన ఎండకు రోజులో సగం సేపు తిరుగుతూనే ఉంటుంది. రోజుకు సుమారు 600 వాట్-అవర్లు (ఒక వాటు చొప్పున గంట సేపు ఖర్చయితే ఒక వాట్-అవర్). రెండు చిన్న 12 వోల్టుల ఫ్యాన్లు 300, ఎల్‌ఈడీ దీపాలు 100, ఫోన్లు 60, నీళ్ల పంపు 20. మొత్తం 1,100 దగ్గర తేలుతుంది. 12.8 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 2,560 వాట్-అవర్లు ఉంటాయి. మబ్బు పట్టినా రెండు రోజులు నెట్టుకొస్తుంది. ఇంటి ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీ పెడితే సగం వరకే వాడాలి, బరువు రెట్టింపు దాటుతుంది, చార్జింగ్‌లో వాయువు వదులుతుంది. మనుషులు పడుకునే చోట అది వద్దు.

పైకప్పు మీద రెండు 200 వాట్ల ప్యానెళ్లు, 100 వోల్టులు, 30 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలరు (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగినట్టు మార్చే పెట్టె) చాలు. 400 వాట్లను ఐదు గంటల మంచి ఎండతో గుణించి, వేడికీ దుమ్ముకీ వైర్లకీ ముప్పై శాతం తీసేస్తే రోజుకు 1,400 వాట్-అవర్లు వస్తాయి. ప్యానెల్ వేడెక్కే కొద్దీ కరెంటు తగ్గుతుంది, 25 డిగ్రీల పైన డిగ్రీకి 0.4 శాతం దాకా. అందుకే ప్యానెల్‌ను రేకుకు అంటించకుండా రెండు అంగుళాలు ఎత్తి, అడుగున గాలి ఆడేలా బిగించాలి. సముద్రపు తుంపర ఎండి ప్యానెల్ మీద తెల్లటి పొర కడుతుంది. తెల్లవారుజామున మంచు తడి ఉన్నప్పుడే మెత్తటి గుడ్డతో తుడిస్తే నీళ్లు కూడా ఖర్చు కావు.

ఇక్కడ ఒక ఇరకాటం ఉంది. మనకు నీడ కావాలి, ప్యానెల్‌కు ఎండ కావాలి. సరుగుడు నీడ ప్యానెల్‌లో ఒక మూల పడినా మొత్తం రాబడి బాగా పడిపోతుంది. బండిని నీడలోనే పెట్టి, మడిచే 200 వాట్ల ప్యానెల్‌ను పది మీటర్ల వైరుతో ఎండలో పరచడం మేలు. దానికి విడిగా చిన్న కంట్రోలరు ఉండాలి.

బండి నడిచేటప్పుడు చార్జింగ్‌కు, ఇంజిను వైపు కరెంటును బ్యాటరీకి హద్దులో ఇచ్చే 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జరు పెట్టించండి. నెల్లూరు నుంచి ఒంగోలు చేరేలోపు, రెండు గంటల ప్రయాణంలో, 60 ఏహెచ్ ఎక్కుతుంది. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) ఒకటి పెట్టి ఆల్టర్నేటరు (ఇంజినుతో తిరుగుతూ కరెంటు పుట్టించేది) నుంచి నేరుగా లిథియంకు ఇచ్చేస్తే ఖర్చు తగ్గుతుందని కొందరు ఎలక్ట్రీషియన్లు అంటారు. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది. బండి ఆగి ఇంజిను ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటరుకు చల్లబడే గాలి తక్కువ, భారం ఎక్కువ. వైండింగ్ కాలిపోయేది అప్పుడే.

వైరు మందం మీద పిసినారితనం వద్దు. 5 ఆంపియర్లు లాగే ఫ్రిజ్ బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో ఉంటే, పోనూ రానూ వైరు 10 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో దాదాపు 0.6 వోల్టు పోతుంది, 2.5లో 0.35. కంప్రెసరు మొదలయ్యే క్షణంలో లాగుడు ఇంకా ఎక్కువ. బ్యాటరీ దిగిన తెల్లవారుజామున ఫ్రిజ్ టక్కుమని ఆగిపోయి మళ్లీ ప్రయత్నించి మళ్లీ ఆగిపోతుంటే ఫ్రిజ్ పాడైందని మెకానిక్ దగ్గరికి పరుగెత్తకండి. ఫ్రిజ్ టెర్మినళ్ల దగ్గర మీటరు పెట్టి, కంప్రెసరు మొదలవుతుండగా వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 12.6, ఇక్కడ 11 చూపిస్తే తప్పు వైరుదో, వదులైన లగ్గుదో (వైరు కొసకు బిగించే లోహపు ముక్క). 4 చదరపు మిల్లీమీటర్ల తగరం పూత రాగి వైరు వేయించండి.

ప్రధాన ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరం లోపే ఉండాలి. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరును ఏదీ కాపాడదు, ఎక్కడ రేకుకు రాసుకున్నా నిప్పే. 1,000 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టరుకు 25 చదరపు మిల్లీమీటర్ల కేబులు మీటరున్నర మించకుండా, 125 ఆంపియర్ల ఫ్యూజుతో వేయాలి. దాని మీద 500 వాట్ల మిక్సీలో పచ్చడి తిప్పుకోవచ్చు. 750 వాట్ల మిక్సీ మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు ట్రిప్ కావచ్చు. ఇండక్షన్ పొయ్యి, ఏసీ ఈ ఏర్పాటుతో కుదరవు. ఏసీకి బదులు గాలి దిక్కు చూసుకోండి. మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీది నుంచి వస్తుంది, రాత్రి పొద్దుపోయాక నేల మీది నుంచి సముద్రానికి తిరుగుతుంది. తూర్పునా పడమరా ఎదురెదురుగా కిటికీలు తెరుచుకునేలా బండి నిలిపితే ఫ్యాను పని సగం తగ్గుతుంది. కిటికీలకు మామూలు దోమతెర కంటే సన్నని కన్నులున్న జాలి వేయించండి. కాలువ, రొయ్యల గుంటల దగ్గర దోమలతోపాటు జాలిలోంచి దూరే చిన్న పురుగులూ ఉంటాయి.

గ్యాస్

5 కిలోల సిలిండరు చాలు. పెద్ద బర్నరు పూర్తి మంట మీద గంటకు 170 నుంచి 200 గ్రాములు తాగుతుంది. రోజుకు మూడు బర్నరు-గంటల వంటకు సిలిండరు ఎనిమిది రోజుల పైనే వస్తుంది. సిలిండరు ఎప్పుడూ నిలువుగా ఉండాలి. పడుకోబెడితే ద్రవం నేరుగా రెగ్యులేటరులోకి వస్తుంది. సిలిండరు పెట్టే అరను బండి లోపలి గదితో సంబంధం లేకుండా మూసి, తలుపు బయటికి తెరుచుకునేలా, అడుగున గాలి పోయే కంత ఉండేలా కట్టాలి. గ్యాసు గాలికంటే బరువు గనుక లీకయితే నేల మీదే పరుచుకుంటుంది. లీకు అలారం కూడా నేలకు జానెడు ఎత్తులోనే బిగించాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం పడక ఎత్తులో. ప్రయాణం అయ్యాక ప్రతిసారీ కీళ్ల దగ్గర సబ్బు నురగ రాసి చూడండి. గతుకుల రోడ్డు ఎంత గట్టిగా బిగించిన నట్టునైనా వదులు చేస్తుంది.

ఉప్పు

ఈ విషయంలో ముందు జాగ్రత్తే మందు, తుప్పు పట్టాక చేసేదంతా ఖర్చే. అడుగు భాగాన్ని వాటర్ సర్వీసింగ్‌లో కడిగించి, రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చి, ఉన్న తుప్పును వైరు బ్రష్షుతో గీకి, ప్రైమరు వేశాకే యాంటీ రస్ట్ కోటింగ్ కొట్టించాలి. తుప్పు మీద నేరుగా రబ్బరు కోటింగ్ కొట్టిస్తే లోపలి తడి బయటికి పోయే దారి లేక, పైకి నల్లగా నిగనిగలాడుతూనే అడుగున రేకు రాలిపోతుంది. ఛాసిస్ బోలు గొట్టాల లోపలికి, డోర్ల కింది అంచుల్లోకి సన్నటి గొట్టంతో మైనపు స్ప్రే కొట్టించండి. డోర్ల కింద నీళ్లు కారే కంతలు కోటింగుతో మూసుకుపోకుండా చూడండి.

బయటి స్క్రూలు, బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగి తీసుకోండి. మామూలుగా దొరికే 304 రకం సముద్రపు గాలికి గోధుమరంగు మచ్చలు తేలుతుంది. అల్యూమినియం ఫ్రేముకు స్టీలు బోల్టు నేరుగా తగిలితే ఉప్పు తడిలో అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు వేయండి. బ్యాటరీ టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ, వైరు కీళ్లకు లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వాడాలి. ఇన్సులేషన్ టేపు చుట్టిన కీలు ఒక సీజను కూడా ఆగదు.

మకాములో హ్యాండ్ బ్రేకు లాగి మూడు రోజులు వదిలేయవద్దు. ఉప్పు తేమకు కేబులో, డ్రమ్ములో లైనింగో పట్టేసి బయల్దేరేటప్పుడు చక్రం కదలదు. సమతలంగా నిలిపి, గేరులో పెట్టి, రెండు చక్రాలకు ముందూ వెనకా చెక్క అడ్డాలు పెట్టండి.

ఇసుక, పర్ర

బండిని బీచ్ మీదికి దించవద్దు. అలల పక్కన తడి ఇసుక గట్టిగా కనిపించినా బండి ఆగగానే చక్రం కింద కుంగుతుంది, ఒక్క అల తగిలితే చాలు. ఇసుక కంటే మోసకారి పర్ర. బకింగ్‌హాం కాలువ పొడవునా, పులికాట్ అంచున, పైన తెల్లటి ఉప్పు పెచ్చుతో గచ్చులా కనిపించే నేల అడుగున నల్లటి బురద ఉంటుంది. దిగి నడిచి చూడండి. గడ్డపార దానంతట అదే జానెడు దిగిందంటే అక్కడ బండి పెట్టకూడదు.

ఇసుక దారిలో పోక తప్పకపోతే ముందుగానే టైర్లలో గాలి తగ్గించండి. రోడ్డు మీద 50 పీఎస్ఐ పెట్టే టైరును 30కి దించితే నేలకు ఆనే భాగం పొడవు పెరిగి ఇసుక మీద తేలుతుంది. ఆ గాలితో 20 కిలోమీటర్ల వేగం దాటవద్దు, స్టీరింగు కసుక్కున తిప్పవద్దు, టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాలి. 12 వోల్టుల కంప్రెసరును క్లిప్పులతో నేరుగా బ్యాటరీకి తగిలించండి. సిగరెట్ లైటరు సాకెట్‌కు పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది.

చక్రం తిరుగుతూ బండి కదలకపోతే ఆ క్షణమే యాక్సిలరేటరు వదిలేయాలి. ఇంకో మూడు సెకన్లు తొక్కితే ఇరుసు ఇసుకకు ఆనుతుంది, అప్పుడు ట్రాక్టరే దిక్కు. అందరినీ దించి, పారతో చక్రాల ముందూ వెనకా ఇసుకను ఏటవాలుగా తోడండి. బండి అడుగు ఎక్కడైనా ఇసుకకు ఆనిందేమో చూసి అక్కడా తీయండి. గాలి మరో 5 పీఎస్ఐ తగ్గించండి. ఇసుక మ్యాట్లు లేకపోతే తాటి మట్టలు చక్రం కిందికి దూర్చి, వచ్చిన దారినే రివర్సులో నెమ్మదిగా తీయండి. జాకీ వాడాలంటే దాని కింద అడుగు చదరం, అంగుళం మందం ప్లైవుడ్ ముక్క ఉండాలి, లేకపోతే బండి లేవదు, జాకీ దిగుతుంది. ట్రాక్టరును పిలిస్తే తాడు బండికి కంపెనీ ఇచ్చిన టోయింగ్ హుక్కుకే కట్టించండి. బంపరుకు కడితే బంపరే చేతికొస్తుంది. తాడు లాగుతున్నప్పుడు దాని వరుసలో ఎవరినీ నిలబడనివ్వకండి.

ఎక్కడ, ఎప్పుడు

జనవరి నుంచి మార్చి సగం దాకా మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన తీరం వెంబడే ఉత్తరంగా నడిచి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. హైవే నుంచి ఒడ్డుకు వెళ్లే దారులు దాదాపు అన్నీ కాలువను దాటాలి గనుక, గట్టి వాన పడితే వెనక్కి రావడానికి వీల్లేకుండా పోవచ్చు. కృష్ణపట్నం పోర్టులో ఏ నంబరు హెచ్చరిక ఎగరేసినా మకాం ఎత్తేయండి. గాలీ వానా లేకుండానే దూరపు సముద్రంలో పుట్టిన అలలు ఒడ్డును ముంచే రోజులూ ఉంటాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల హెచ్చరికలు ప్రతి ఉదయం చూడండి. అమావాస్య, పౌర్ణమికి పోటు ఎక్కువ. గవ్వలూ నాచూ చెత్తా వరుసగా పడి ఉన్న గీత ఆ మధ్య నీరు వచ్చిన హద్దు. దానికి కనీసం వంద మీటర్ల వెనక, దిబ్బకు ఇవతల గట్టి నేల మీద నిలపండి.

చోటు ఎంచుకున్నాక పాళెం పెద్దలను, పంచాయతీని అడగండి. పడవలు లాగే చోటూ, వలలు ఆరేసే చోటూ వాళ్ల పని స్థలం. చాలా సరుగుడు తోపులు అటవీ శాఖవి, వాళ్ల అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. పులికాట్ అభయారణ్యంలో, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) చుట్టుపక్కల మకాం ఆలోచనే వద్దు, డ్రోను అసలే వద్దు. మెరైన్ పోలీసులు అడిగితే చూపించడానికి ఆధారు, బండి కాగితాలు చేతికందేలా ఉంచండి. తీర రక్షక దళం అత్యవసర నంబరు 1554.

జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. తాబేలు పిల్లలు వెలుతురు వైపు పాకి దారి తప్పుతాయి. సముద్రం వైపు తెల్ల దీపాలు వెలిగించకండి, బయట ఎర్రటి సన్న దీపం చాలు. పందిరి గుడ్డకు మేకులు ఇసుకలో ఆగవు. గోనె సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, రెండడుగుల లోతున పాతండి. పడుకునే ముందు పందిరి దించేయండి.

తిరుగు ప్రయాణంలో ఇంటికి చేరేదాకా ఆగకుండా, హైవే ఎక్కాక కనిపించిన మొదటి వాటర్ సర్వీసింగ్ దగ్గరే బండి నిలిపి అడుగు భాగం, చక్రాల లోపలి వైపు, స్ప్రింగుల మధ్య, రేడియేటరు ముందు మంచి నీళ్లతో కడిగించండి. రేడియేటరుకు ప్రెషరు గన్ను దగ్గర పెట్టకూడదు, రెక్కలు వంగిపోతాయి. కడిగాక బ్రేకులు నాలుగైదుసార్లు మెల్లగా తొక్కుతూ నడిపితే డ్రమ్ముల్లో తడి ఆరుతుంది. ఇంటికి వచ్చిన రోజే నీళ్ల ట్యాంకులు ఖాళీ చేసి మూతలు తెరిచి ఆరబెట్టి, ఫ్రిజ్ తలుపు సందుగా ఉంచి, లిథియం బ్యాటరీని సగం చార్జింగులో పెట్టి మెయిన్ స్విచ్చి కట్టేయండి.